ఒక్క కాలే వాచిందా? రుద్దకండి, చూపించండి

టాపిక్‌లోకి వెళ్ళే ముందు ఒక చిన్న పని చేద్దాం. ఎక్కడ కూర్చుని ఉన్నా సరే, పాదాలు నేల మీద ఆనించండి. వేళ్ళు కిందే ఉంచి మడమలు మాత్రం పైకి లేపండి. దించండి. ఇంకో నాలుగు సార్లు. ఇప్పుడు ఒక చేత్తో పిక్క పట్టుకుని మళ్ళీ చేయండి. లోపల కండ గట్టిపడుతోంది, వదులవుతోంది, తెలుస్తోంది కదా? ఆ కండ పని ఆగిపోతే ఏమవుతుంది అన్నదే ఇవాళ్టి ఎపిసోడ్.

గుండె రక్తాన్ని కిందకి పంపిస్తుంది, ఓకే. మరి పాదాల దాకా వెళ్ళిన రక్తం మళ్ళీ పైకి ఎలా వస్తుంది? నాలుగడుగుల ఎత్తు, గ్రావిటీకి ఎదురు. నేను బీటెక్‌లో మెకానికల్ చదివి సాఫ్ట్‌వేర్‌లో చేరినవాణ్ణి (మన దగ్గర ఇది మామూలే), అందుకని నాకు ఇది పంపు ప్రాబ్లమ్‌లాగే కనిపిస్తుంది. కాలి కండల మధ్యలో, లోతుగా, పెద్ద సిరలు ఉంటాయి. మనం అడుగు వేసినప్పుడల్లా పిక్క కండ ఆ సిరల్ని పిండుతుంది, రక్తం పైకి ఎగజిమ్ముతుంది. పైకి వెళ్ళింది కిందకి జారకుండా సిరల్లో చిన్న చిన్న కవాటాలు ఉంటాయి. బావి మీద మోటారు పెట్టి నీళ్ళు తోడేవాళ్ళకి ఫుట్ వాల్వ్ అంటే తెలుసు, అదే పని. డాక్టర్లు పిక్కని రెండో గుండె అంటారు. మొదటి గుండె మన ప్రమేయం లేకుండా కొట్టుకుంటుంది. రెండోదాన్ని మాత్రం మనమే కదపాలి.

కదపకపోతే రక్తం అక్కడే నిలుస్తుంది. నిలిచిన రక్తం కొన్నిసార్లు గడ్డ కడుతుంది. లోపలి సిరలో ఇలా గడ్డ కట్టడాన్నే డీప్ వెయిన్ థ్రాంబోసిస్, షార్ట్‌గా డీవీటీ అంటారు. గడ్డ కాల్లోనే ఉంటే కాలి సమస్య. దాన్నుంచి ఒక ముక్క ఊడితే, సిరల్లోనే పైకి ప్రయాణించి, గుండె కుడివైపు నుంచి దూసుకెళ్ళి ఊపిరితిత్తుల రక్తనాళంలో ఇరుక్కుంటుంది. దాన్ని పల్మనరీ ఎంబాలిజం అంటారు. ముక్క పెద్దదైతే మనిషి నిమిషాల్లో పోవచ్చు. "నిన్నటిదాకా బాగానే ఉన్నాడు, బాత్రూమ్‌కి వెళ్తూ పడిపోయాడు, హార్ట్ ఎటాక్ అంట" అని మనం వినే కథల్లో కొన్ని నిజానికి ఇవి కావచ్చు.

ఊడిన ముక్క ఊపిరితిత్తుల్లో ఇరుక్కుంటుందని 19వ శతాబ్దంలోనే వివరించిన జర్మన్ డాక్టర్ పేరు రుడాల్ఫ్ విర్కో. ఆయన పుట్టినరోజు అక్టోబర్ 13నే 2014 నుంచి వరల్డ్ థ్రాంబోసిస్ డేగా జరుపుతున్నారు. గడ్డ కట్టడానికి మూడు కారణాలని ఆయన పేరు మీదే ఇప్పటికీ చెప్పుకుంటారు: రక్తం కదలకపోవడం, నాళం గోడకి దెబ్బ తగలడం, రక్తానికే గడ్డ కట్టే గుణం పెరగడం. ఈ మూడూ గుర్తుపెట్టుకోండి. ఇకపై నేను చెప్పే ప్రతి కథలో వీటిలో ఒకటో రెండో ఉంటాయి.

1940, లండన్. జర్మన్ విమానాలు రాత్రిళ్ళు బాంబులు వేస్తున్నాయి, జనం షెల్టర్లలో తలదాచుకుంటున్నారు. పడుకోడానికి చోటు లేక చాలామంది కాన్వాస్ డెక్ కుర్చీల్లోనే రాత్రంతా కూర్చునేవాళ్ళు. ఆ కుర్చీ ముందు కర్ర సరిగ్గా తొడ వెనకాల, మోకాలి దగ్గర నొక్కుకుంటుంది. బాంబు తగలకుండానే మనుషులు ఉన్నట్టుండి చనిపోతున్నారు. కీత్ సింప్సన్ అనే పోలీసు పోస్ట్‌మార్టం డాక్టర్, ఊపిరితిత్తుల్లో గడ్డలే కారణమని చూసి, అదే ఏడాది లాన్సెట్ పత్రికలో రాశారు. పరిష్కారం ఏంటో తెలుసా? మందు కాదు. కుర్చీలు తీసేసి పడుకునే బల్లలు వేయాలని.

ఇక మనవాళ్ళ సంగతి. 2003లో న్యూజిలాండ్ డాక్టర్లు ఒక కేసు రిపోర్ట్ చేశారు. 32 ఏళ్ళ మనిషి, రోజుకి 12 గంటలు, ఒక్కోసారి 18 గంటలు కంప్యూటర్ ముందే. కాలు వాచింది, కొన్ని రోజులకి వాపు తగ్గింది కూడా. తర్వాత ఆయాసం మొదలై, స్పృహ తప్పి, చావు అంచు దాకా వెళ్ళాడు. దానికి వాళ్ళు ఈ-థ్రాంబోసిస్ అని పేరు పెట్టారు. నేను కొన్నేళ్ళు కోడ్ రాసి బతికినవాణ్ణి. రిలీజ్ వీక్‌లో అలా కూర్చునేవాళ్ళని పక్క సీట్లోనే చూశాను. వర్క్ ఫ్రమ్ హోమ్ వచ్చాక ఆ క్యాంటీన్‌కి నడిచే నడక కూడా పోయింది, బెడ్ మీద లాప్‌టాప్ పెట్టుకుని బాసింపట్టు వేస్తే సాయంత్రం. భయపెట్టడం నా ఉద్దేశం కాదు. మీ వయసులో డీవీటీ అరుదు. పాశ్చాత్య దేశాల లెక్కల ప్రకారం ఏడాదికి నలభై లోపు వాళ్ళలో పదివేలమందిలో ఒకరికి, ఎనభై దాటితే వందలో ఒకరికి. గంటకోసారి లేచి నీళ్ళ బాటిల్ నింపుకుని రండి, చాలు. దీని కోసం స్మార్ట్‌వాచ్ కొనక్కర్లేదు.

ఫ్లైట్ గురించి కూడా త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే అందరికీ తెలిసిన భాగం ఇదొక్కటే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో చెప్పిన లెక్క: నాలుగు గంటలు దాటి కదలకుండా ప్రయాణిస్తే గడ్డ కట్టే అవకాశం సుమారు రెట్టింపు అవుతుంది, అయినా అది 6,000 మందిలో ఒకరికి. ఫ్లైట్ అనే కాదు, బస్సు, రైలు, కారు ఏదైనా అంతే. సంక్రాంతికి హైదరాబాద్ నుంచి శ్రీకాకుళం వెళ్ళే సీటర్ బస్సూ ఈ లెక్కలోకే వస్తుంది. ఎకానమీ క్లాస్ సిండ్రోమ్ అన్న పేరు తప్పుదారి పట్టించే పేరు, బిజినెస్ క్లాస్‌లో కదలకుండా పడుకున్నా ఒకటే. కిటికీ సీటు కంటే నడవ పక్క సీటు మంచిది, లేవడానికి మొహమాటం ఉండదు.

నాకు ఇక్కడ గుర్తొచ్చేది మన అమ్మానాన్నలు. కూతురి పురుడు కోసం అరవై దాటిన తల్లి మోకాళ్ళ నొప్పులతో దుబాయ్ మీదుగానో దోహా మీదుగానో డల్లాస్ వెళ్తుంది. రెండో ఫ్లైట్ ఒక్కటే దాదాపు పదహారు గంటలు. పక్కవాళ్ళని లేపడం ఇష్టంలేక, బాత్రూమ్‌కి వెళ్ళాల్సి వస్తుందని నీళ్ళు కూడా తాగకుండా, అలాగే కూర్చుంటుంది. ఆవిడకి టికెట్ బుక్ చేసేది మీరే కాబట్టి, నడవ పక్క సీటు తీయండి. ఆవిడకి ఇదివరకు గడ్డ కట్టి ఉన్నా, ఈమధ్యే ఆపరేషన్ అయినా, క్యాన్సర్ ట్రీట్‌మెంట్‌లో ఉన్నా ముందు డాక్టర్ని కలవండి. మోకాలి కింద వరకు వచ్చే కంప్రెషన్ స్టాకింగ్స్ అవసరమా, ఏ సైజు అనేది డాక్టరే చెప్పాలి. కాళ్ళకి రక్తం సరిగ్గా అందనివాళ్ళకి, ముఖ్యంగా కొందరు షుగర్ పేషెంట్లకి, అవి హాని చేస్తాయి. ఫ్యామిలీ గ్రూప్‌లో తిరిగే "ఫ్లైట్ ఎక్కేముందు ఆస్పిరిన్ వేసుకోండి" ఫార్వర్డ్ నమ్మొద్దు. ప్రయాణికులందరికీ ఈ పని మీద ఆస్పిరిన్ ఇవ్వమని డాక్టర్ల గైడ్‌లైన్స్ చెప్పవు.

ఇప్పుడు అసలు విషయం. ఎక్కువ గడ్డలు పుట్టేది ఫ్లైట్‌లో కాదు. హాస్పిటల్ మంచం మీద, డిశ్చార్జ్ అయ్యాక మొదటి మూడు నెలల్లో. ప్రపంచం మొత్తం మీద సగానికి పైగా కేసులు హాస్పిటల్ అడ్మిషన్‌తో ముడిపడి ఉన్నవే అని చెప్తారు. విర్కో మూడు కారణాలు పెట్టి చూడండి: మంచం మీద కదలిక లేదు, ఆపరేషన్‌లో నాళాలకి దెబ్బ, గాయం మానడానికి శరీరమే రక్తాన్ని చిక్కబరుస్తుంది. మూడుకి మూడూ. తుంటి, మోకాలి మార్పిడి చేయించుకున్నవాళ్ళలో, నివారణ ఏదీ లేని రోజుల్లో, పరీక్ష చేసి చూస్తే దాదాపు సగం మందికి కాల్లో గడ్డలు కనిపించేవి. చాలావరకు బయటికి ఏ లక్షణం లేకుండానే.

ఇది తెల్లవాళ్ళ జబ్బు, మన దగ్గర పెద్దగా రాదు అని మన దేశంలో చాలాకాలం అనుకున్నారు. ఎండోర్స్ అని 32 దేశాల్లో ఒక సర్వే జరిగింది. అందులో భారతదేశం ఫలితాల్ని పేపర్‌గా రాసింది మన హైదరాబాద్ నిమ్స్‌లో వాస్కులర్ సర్జరీ చూసిన డాక్టర్ పింజల రామకృష్ణ. హాస్పిటల్లో ఉన్న పేషెంట్లలో సగం మందికి పైగా గడ్డ కట్టే రిస్క్‌లో ఉన్నారు. వాళ్ళలో సరైన నివారణ అందింది సుమారు 17 శాతం మందికి. అది పాత సర్వే, తర్వాత పరిస్థితి మెరుగుపడి ఉండొచ్చు, పెద్ద హాస్పిటళ్ళలో ఇప్పుడు చెక్‌లిస్టులు ఉంటున్నాయి. అయినా మీ ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ అంటే అటెండర్‌గా మీరే వెళ్తారు కదా, అడగాల్సిన ప్రశ్న ఇది: "డాక్టర్‌గారూ, కాల్లో రక్తం గడ్డ కట్టకుండా ఏం చేస్తున్నారు? ఇంటికెళ్ళాక ఎన్ని రోజులు కొనసాగించాలి?" పొట్టకి ఇచ్చే చిన్న ఇంజెక్షన్ రాసుంటే, డిశ్చార్జ్ రోజు "ఇక బాగానే ఉన్నాడు కదా, ఖర్చు ఎందుకు" అని మానేయకండి. తుంటి మార్పిడి అయితే ఆ మందు నెల పైన కూడా నడవొచ్చు.

మా పాత టీమ్‌లో ఒకతను, పేరు చెప్పను, నా వయసే. బైక్ జారి చీలమండ విరిగింది. ఆరు వారాలు కట్టు. కట్టు విప్పాక కాలు వాచి ఉంది. "కట్టు విప్పితే వాపు మామూలే" అన్నారు చుట్టుపక్కలవాళ్ళు, అది చాలామందికి నిజం కూడా. వాళ్ళమ్మ పొద్దునా సాయంత్రం నువ్వుల నూనె పెట్టి పిక్క రుద్దేది. ఐదో రోజు రెండో అంతస్తు మెట్లెక్కుతుంటే ఊపిరి ఆడలేదు. స్కాన్‌లో రెండు ఊపిరితిత్తుల్లోనూ గడ్డలు. టైమ్‌కి తీసుకెళ్ళారు కాబట్టి బతికాడు. రుద్దడం వల్లే ముక్క ఊడిందా అని డాక్టర్ని అడిగితే, అది ఖచ్చితంగా చెప్పలేం, కానీ గడ్డ ఉందన్న అనుమానం ఉన్న కాలిని రుద్దకూడదు అన్నారు. వాళ్ళమ్మని నేను ఏమాత్రం తప్పు పట్టను. మన ఇళ్ళల్లో కాలు నొప్పంటే రుద్దడం, కాపడం పెట్టడం, బామ్ రాయడం ప్రేమ చూపించే పద్ధతి. అందుకే ఈ ఒక్క మాట తల్లులకి చేరాలి.

ఇంకో చోటు బాలింత గది. గర్భంతో ఉన్నప్పుడూ, కాన్పు తర్వాత ఆరు వారాలూ రక్తం త్వరగా గడ్డ కట్టేలా శరీరం మారుతుంది. కాన్పులో రక్తం ఎక్కువ పోకుండా ప్రకృతి చేసిన ఏర్పాటు. అందులోనూ సిజేరియన్ అయితే రిస్క్ ఇంకా పెరుగుతుంది. తెలుగు రాష్ట్రాల్లో సిజేరియన్లు ఎంత ఎక్కువో మీకు తెలుసు. ఆ పైన మన పథ్యం: కొన్ని ఇళ్ళల్లో ఇప్పటికీ బాలింతకి నీళ్ళు కొలిచి ఇస్తారు, మంచం దిగనివ్వరు. పెద్దవాళ్ళ జాగ్రత్త నాకు అర్థమవుతుంది, విశ్రాంతి కావాల్సిందే. కానీ కదలిక లేకపోవడం, ఒంట్లో నీళ్ళు తగ్గడం రెండూ గడ్డకి దారి వేసేవే. డాక్టర్ నడవమంటే నడవనివ్వాలి, దాహం వేస్తే నీళ్ళివ్వాలి. అమ్మమ్మతో గొడవ వద్దు, డాక్టర్ చేతే అమ్మమ్మకి చెప్పించండి, పని అవుతుంది.

సెరీనా విలియమ్స్ తెలుసు కదా. 2011లోనే ఆవిడకి ఊపిరితిత్తుల్లో గడ్డలు వచ్చాయి. 2017 సెప్టెంబర్‌లో సిజేరియన్ అయిన మర్నాడు ఆయాసం మొదలైంది. తనకి ఏమవుతోందో ఆవిడకి వెంటనే అర్థమైంది, సీటీ స్కాన్, రక్తం పలచబడే మందు కావాలని అడిగింది. నొప్పి మందుల వల్ల అయోమయంగా మాట్లాడుతోందని నర్సు అనుకుంది. ముందు కాళ్ళకి అల్ట్రాసౌండ్ చేశారు, ఏమీ లేదు. ఆవిడ పట్టుబడితే సీటీ చేశారు, ఊపిరితిత్తుల్లో గడ్డలు. ప్రపంచంలో నంబర్ వన్ ప్లేయరే అంత అడగాల్సి వచ్చింది. మన ఊళ్ళో ఇరవై మూడేళ్ళ అమ్మాయి మొదటి కాన్పులో "ఆయాసంగా ఉంది" అంటే "నీరసంలే" అంటారు. పక్కన ఉన్నవాళ్ళు ఆ మాట వినిపించుకోవాలి.

తర్వాతిది ఎవరూ బయటికి మాట్లాడని టాపిక్. ఇంట్లో వ్రతం, అక్క పెళ్ళి, తిరుపతి ప్రయాణం. పీరియడ్ ఆ రోజే వస్తుందేమోనని మెడికల్ షాప్‌కి వెళ్ళి మాత్రలు తెచ్చుకోవడం. ప్రిస్క్రిప్షన్ ఉండదు, అడిగేవాడూ ఉండడు. ఎక్కువగా ఇచ్చేది నోరెథిస్టిరాన్, 5 మిల్లీగ్రాముల మాత్ర రోజుకి మూడు. ఈ డోసులో అందులో కొంచెం భాగం శరీరంలోకి వెళ్ళి ఈస్ట్రోజెన్‌గా మారుతుంది. గర్భనిరోధక మాత్రల్లో గడ్డ రిస్క్ పెంచేది ఆ ఈస్ట్రోజెనే. ఎంత పెంచుతుంది? యూరోపియన్ మెడిసిన్స్ ఏజెన్సీ లెక్క చూస్తే, ఏ మాత్రా వాడని పదివేల మంది స్త్రీలలో ఏడాదికి ఇద్దరికి గడ్డ కడుతుంది, ఈస్ట్రోజెన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు వాడేవాళ్ళలో ఐదు నుంచి పన్నెండు మందికి. గర్భంతో ఉన్నప్పుడు రిస్క్ దీనికంటే ఎక్కువ. కాబట్టి చాలామంది అమ్మాయిలకి ఆ మాత్ర వల్ల ఏమీ కాదు. భయపడి డాక్టర్ రాసిన మందులు మానేయకండి. కానీ ఇంట్లో ఎవరికైనా గడ్డ కట్టిన చరిత్ర ఉంటే, మీకే ఇదివరకు వచ్చి ఉంటే, బాగా బరువు ఉంటే, స్మోకింగ్ ఉంటే, ఈమధ్యే ఆపరేషన్ అయి ఉంటే ఆ మాత్ర షాపులో కొనే వస్తువు కాదు. డాక్టర్‌కి చెప్తే రిస్క్ తక్కువున్న వేరే మందు రాయగలరు. అబ్బాయిలు, మెడికల్ షాప్‌కి పంపిస్తే వెళ్ళేది మీరే కాబట్టి మీరు కూడా వినండి.

సరే, ఎలా గుర్తుపట్టాలి? నేను డాక్టర్ని కాదు. కానీ ఏ డాక్టర్ని అడిగినా మొదట చెప్పే క్లూ ఒకటే: ఒక్క కాలు. రోజంతా నిలబడితే రెండు కాళ్ళూ వాస్తాయి, జిమ్‌కి వెళ్తే రెండు పిక్కలూ నొప్పెడతాయి. డీవీటీ ఎక్కువగా ఒక కాలికే వస్తుంది. పిక్కలోనో తొడలోనో నొప్పి, పట్టేసినట్టు ఉండటం, వాపు, ముట్టుకుంటే వేడి. ఎర్రబడుతుంది అని పుస్తకాల్లో రాస్తారు, మన చామనఛాయ చర్మం మీద ఎరుపు కనిపించకపోవచ్చు, నిగనిగలాడుతూ రంగు మారినట్టు అనిపించొచ్చు. ఇంట్లో టైలర్ టేపు ఉంటే మోకాలి చిప్ప కింది ఎముక గుబ్బ నుంచి నాలుగు అంగుళాలు కిందకి కొలిచి, అక్కడ రెండు పిక్కల చుట్టుకొలత చూడండి. తేడా మూడు సెంటీమీటర్లు దాటితే డాక్టర్లు కూడా దాన్ని సీరియస్‌గా లెక్కేస్తారు. తేడా లేదని మాత్రం నిశ్చింతగా ఉండిపోవద్దు.

అమెరికన్ టీవీ జర్నలిస్ట్ డేవిడ్ బ్లూమ్ 2003లో ఇరాక్ యుద్ధం కవర్ చేస్తూ రోజుల తరబడి సైనిక వాహనంలో ఇరుక్కుని కూర్చున్నారు. మోకాళ్ళ వెనక నొప్పిగా ఉందని ఇంటికి ఫోన్‌లో చెప్పారు కూడా. ఏప్రిల్ 6న కుప్పకూలిపోయారు. 39 ఏళ్ళు. రక్తం త్వరగా గడ్డ కట్టే జన్యు లోపం ఆయనకి ఉందని తర్వాత తెలిసింది. చుట్టూ యుద్ధం, చంపింది పిక్కలో గడ్డ.

కాలు అనుమానంగా ఉంటే ఆ రోజే వెళ్ళండి, వీకెండ్ దాకా ఆగొద్దు. చేసే పరీక్ష డాప్లర్ అల్ట్రాసౌండ్, నొప్పి ఉండదు. కోవిడ్ టైమ్‌లో డీ-డైమర్ అన్న మాట ప్రతి ఇంట్లో విన్నాం, గుర్తుందా? అదే టెస్ట్ ఇక్కడా వాడతారు. రిస్క్ తక్కువ ఉన్న మనిషికి అది నార్మల్ వస్తే గడ్డ దాదాపు లేనట్టే. ఎక్కువ వస్తే గడ్డ ఉన్నట్టు కాదు, జ్వరానికీ గర్భానికీ కూడా పెరుగుతుంది. రిపోర్ట్ చూసి గూగుల్‌లో వెతుక్కోకండి. ఉన్నట్టుండి ఆయాసం, ఊపిరి పీలిస్తే ఛాతీలో పొడిచినట్టు నొప్పి, దగ్గితే రక్తం, కళ్ళు తిరిగి పడిపోవడం, వీటిలో ఏది వచ్చినా క్లినిక్ కాదు, 108.

ట్రీట్‌మెంట్ ఉంది, బాగా పనిచేస్తుంది. రక్తం పలచబడే మందులు అంటాం గానీ అవి నిజంగా పలచబరచవు, ఉన్న గడ్డని కరిగించవు కూడా. గడ్డ పెరగకుండా ఆపుతాయి, ఆలోపు శరీరమే నెమ్మదిగా కరిగించుకుంటుంది. అందుకే కనీసం మూడు నెలలు వాడాలి. నొప్పి తగ్గింది కదా అని రెండో వారంలో ఆపేస్తే మళ్ళీ మొదటికే. ఆలస్యం చేస్తే ఇంకో నష్టం, కవాటాలు పాడైపోతాయి. డీవీటీ వచ్చినవాళ్ళలో ఐదుగురిలో ఒకరికైనా, కొన్ని లెక్కల్లో సగం మందికి, కాలు బరువు, వాపు, నొప్పి ఏళ్ళ తరబడి ఉండిపోతాయి. మా కొలీగ్ ఇప్పుడు బాగానే ఉన్నాడు, సాయంత్రం అయ్యేసరికి ఎడమ కాలి చెప్పు మాత్రం బిగుతవుతుందంటాడు.

ఇదే మందుల్లో పాతది వార్ఫరిన్. అది మార్కెట్లోకి మొదట వచ్చింది 1948లో, ఎలుకల్ని చంపే మందుగా. అమెరికాలో కుళ్ళిన గడ్డి తిని పశువులు రక్తం కారి చచ్చిపోతుంటే ఆ గడ్డిలోంచి మొదలైంది ఆ కథ. అది వచ్చే ఎపిసోడ్‌లో. అందాకా ఈ లింక్ ఇంట్లో పెద్దవాళ్ళకి పంపండి, చూడరనిపిస్తే పక్కన కూర్చుని మీరే చెప్పండి. ఉంటాను.